గ్రైండర్‌లో పెద్ద మెరుపులు, చేతికి జివ్వుమనే షాక్: బాగు చేయించాలా, మార్చాలా?

ప్రశ్న (తణుకు దగ్గర గ్రిల్ వర్క్ షెడ్డు):
మాది గేట్లు, కిటికీ గ్రిల్స్ తయారు చేసే చిన్న షెడ్డు. అందులోని 4 అంగుళాల యాంగిల్ గ్రైండర్ ఒకటి కొన్నాళ్లుగా ఇబ్బంది పెడుతోంది. ఆన్ చేయగానే వెనుక గాలి రంధ్రాల్లోంచి నీలం మెరుపులు మునుపటికంటే పెద్దవిగా కనిపిస్తున్నాయి. ముసురు పట్టిన రోజుల్లో ముందున్న లోహపు తలభాగం మీద చేయి పడితే జివ్వుమంటోంది. దీనికి రెండు పిన్నుల ప్లగ్గే ఉంది కనుక ఎర్త్ లేకపోవడమే కారణమని, మూడు పిన్నుల ప్లగ్గు పెట్టిస్తే సరిపోతుందని ఒకరు చెప్పారు. ఇది నిజమేనా? గార్డు (డిస్కు మీది రక్షణ కవచం) ఉంటే మూలల్లోకి డిస్కు వెళ్లడం లేదని మా కుర్రాళ్లు దాన్ని తీసేసి పని చేస్తున్నారు. ఎంత చెప్పినా వినడం లేదు. దీనికి మార్గమేమిటో కూడా తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (మోటారు రివైండింగ్ చేసేవారు):
ప్లగ్గు పూర్తిగా తీసేసిన తర్వాత రెండు వైపులా ఉన్న కార్బన్ బ్రష్‌లను (తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న కార్బన్ ముక్కలను) బయటికి తీసి చూడండి. అవి 5, 6 మిల్లీమీటర్లకు అరిగిపోయినా, స్ప్రింగు పట్టు తగ్గినా, దుమ్ము పేరుకుని హోల్డర్‌లో జారకుండా బిగుసుకున్నా కమ్యుటేటర్‌ను (మోటారులో తిరిగే రాగి పట్టీల వలయాన్ని) సరిగా ఆనుకోలేవు. మెరుపులు పెద్దవి కావడానికి ఎక్కువగా ఇదే కారణం. ఒకటే అరిగినట్టు కనిపించినా రెండింటినీ కలిపే మార్చాలి, కొత్తవి వేశాక కొద్దిసేపు లోడు లేకుండా నడపాలి. అలా చేసినా మెరుపులు కమ్యుటేటర్ చుట్టూ నిప్పుల కంకణంలా తిరుగుతూ, కాలిన వార్నిష్ వాసన వస్తూంటే ఆర్మేచర్ (మోటారులో తిరిగే, తీగ చుట్టిన భాగం) షార్ట్ అయినట్టే. రివైండింగ్ నా బతుకుతెరువే అయినా, నిమిషానికి 11,000 చుట్ల దాకా తిరిగే ఇంత చిన్న ఆర్మేచర్‌ను మళ్లీ చుట్టించమని నేను చెప్పను, ఎందుకంటే బ్యాలెన్సు ఏమాత్రం తప్పినా బేరింగులు త్వరగా పోతాయి. కంపెనీ ఆర్మేచర్ కొని వేయించండి. దాని ధర కొత్త మెషీన్ ధరలో సగం దాటితే మెషీన్‌నే మార్చండి.

జవాబు 2 (ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు బోధించేవారు):
పేరు పలకపై చతురస్రంలో మరో చతురస్రం ఉన్న గుర్తు కనిపిస్తే అది డబుల్ ఇన్సులేషన్ మెషీన్ అని అర్థం. దానికి ఎర్త్ వైరు అవసరం లేకుండానే తయారు చేశారు, కేబుల్‌లోనూ రెండే తీగలుంటాయి. కాబట్టి మూడు పిన్నుల ప్లగ్గు తగిలించినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు, పైగా రక్షణ ఉందన్న భ్రమ మిగులుతుంది. అసలు అలాంటి మెషీన్ జివ్వుమనడమే దాని ఇన్సులేషన్ ఎక్కడో దెబ్బతిన్నదనడానికి గుర్తు. ఇనుము కోసే చోట ఫ్యాన్ లోపలికి లాగే సన్నని ఇనుప పొడి తడిగాలితో కలిసి కరెంటుకు దారి ఇస్తుంది. లేదా కేబుల్ మెషీన్‌లోకి దూరే చోట, రబ్బరు గొట్టం మొదట్లో, వంగి వంగి పగిలి ఉంటుంది.

అయితే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. షాక్ వస్తున్నది గ్రైండర్ నుంచా, లేక చేతిలోని జాబ్ (పని చేస్తున్న ఇనుప ముక్క) నుంచా? వెల్డింగ్ మెషీన్ ఎర్త్ క్లాంపు సరిగా పట్టకపోతే, తడి నేల మీద నిలబడిన మనిషికి జాబ్ నుంచే జివ్వుమనవచ్చు. వెల్డింగ్ మెషీన్ ఆపేసి చూస్తే తేడా తెలుస్తుందనిపించినా, ఆ పరీక్షను చేత్తో ముట్టుకుని చేయకండి, ఎలక్ట్రీషియన్‌తో మెగ్గర్ (ఇన్సులేషన్‌ను పరీక్షించే మీటరు) పెట్టించండి. అంతవరకు ఆ గ్రైండర్‌ను ఎవరూ వాడకుండా ప్లగ్గు తీసి పక్కన పెట్టండి. షెడ్డు బోర్డులో 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) లేకపోతే వెంటనే పెట్టించండి, ఎందుకంటే ఎమ్‌సీబీ (లోడు మించినా, షార్ట్ అయినా పడిపోయే స్విచ్) వైరింగును కాపాడుతుందే తప్ప మనిషిని కాదు. ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ అప్పుడప్పుడు నొక్కి చూస్తూండాలి.

జవాబు 3 (రాజమహేంద్రవరం, ఫ్యాబ్రికేషన్):
గార్డు తీయడానికి కుర్రాళ్లు మూలలని చెబుతారు కానీ, చాలా షెడ్లలో అసలు కారణం 7 అంగుళాల డిస్కునో, చెక్క కోసే పళ్ల బ్లేడునో తగిలించుకోవడం. 7 అంగుళాల డిస్కు మీద గరిష్ఠ వేగం నిమిషానికి సుమారు 8,500 చుట్లని ముద్రించి ఉంటుంది, 4 అంగుళాల మెషీన్ అంతకంటే ఎంతో వేగంగా తిరుగుతుంది. పగిలితే ముక్క ముఖం వైపే రావచ్చు. గార్డు తీయనక్కరలేదు, క్లాంపు వదులు చేసి కావలసిన కోణానికి తిప్పుకుంటే చాలు. నిజంగా ఇరుకు మూలలైతే చిన్న డై గ్రైండర్ (సన్నని మొనతో ఇరుకులో పనిచేసే గ్రైండర్) కొనివ్వండి. చేతికి సాధనం ఇవ్వకుండా నిబంధన ఒక్కటే పెడితే ఎవరూ పాటించరు. డిస్కు మధ్య రంధ్రం చుట్టూ ఉన్న రేకు మీద గడువు నెల, సంవత్సరం ఉంటాయి, కొనేటప్పుడే చూసుకోండి. తడిసిన డిస్కును ఎండబెట్టి వాడకండి. నూలు గ్లవుజులు కూడా వద్దు, దారం చిక్కుకుంటే చేతిని లాగేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. బ్రష్‌లు పూర్తిగా అరిగిపోయాయి, రబ్బరు గొట్టం దగ్గర కేబుల్ పగిలి లోపలి తీగ కనిపిస్తోంది. అక్కడ టేపు బాగా చుట్టి వాడుకోవచ్చా?

జవాబు 2 (ఐటీఐ):
వద్దండీ. సరిగ్గా వంగే చోట టేపు నిలవదు. పగిలిన భాగం కోసేసి, మిగిలిన కేబుల్‌ను లోపలి క్లాంపులో గట్టిగా పట్టేట్టు బిగించాలి. పొడవు చాలకపోతే కొత్త రబ్బరు కేబుల్ వేయించండి. మూత తెరిచినప్పుడే లోపలి ఇనుప పొడిని శుభ్రం చేయించి, బిగించాక మెగ్గర్‌తో మరోసారి చూపించండి. ఆ రీడింగు సరిగా లేకపోతే బ్రష్‌ల మీద కూడా డబ్బు పెట్టవద్దు.