పాత నాస్ మదర్‌బోర్డు మారిస్తే రెయిడ్ డేటా ఉంటుందా?

ప్రశ్న: 4 డిస్కుల నాస్ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచే పెట్టె), రెయిడ్ 5 (ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా అన్ని డిస్కుల్లో పంచే పద్ధతి). పవర్ లైటు ఆగకుండా మిణుకుతోంది, బూట్ కావడం లేదు. అదే మోడల్ వాడిన బోర్డు దొరుకుతోంది. డిస్కులు అలాగే పెట్టేయొచ్చా?

జవాబు 1: ముందు బోర్డే పోయిందని తేల్చుకోండి. డిస్కులన్నీ తీసి ఆన్ చేయండి. అప్పుడూ అంతే అయితే మల్టీమీటర్‌తో 12 వోల్టుల లైను చూడండి. లోడు మీద 11.4 కంటే కిందికి పడితే తప్పు పవర్ సప్లైదే. బోర్డు మీది సీఆర్2032 (నాణెం ఆకారపు) బ్యాటరీ కూడా మార్చి చూడండి, చవకైన పని.

ప్రాసెసర్ ఇంటెల్ ఆటమ్ సీ2000 అయితే అనుమానం దానిమీదే. బీ0 స్టెప్పింగ్‌లో (చిప్ తయారీ వెర్షన్) ఎల్‌పీసీ క్లాక్ (బూట్‌కు అవసరమైన సిగ్నల్) కాలక్రమేణా బలహీనపడి బూట్ ఆగిపోతుంది. ఇంటెల్ దీన్ని సీ0లో సరిచేసింది. వాడిన బోర్డు కొనేముందు స్టెప్పింగ్ అడగండి, లేదంటే మళ్లీ ఇదే గతి.

జవాబు 2: రెయిడ్ వివరాలు బోర్డులో కాదు, డిస్కుల్లోనే ఉంటాయండి (లైనక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ అయితే). అయినా ప్రతి డిస్కు మీద బే (డిస్కు పెట్టే గూడు) నంబరు రాయండి. పాత ర్యామ్ కొత్త బోర్డుకు మార్చండి, హీట్‌సింక్ తీస్తే థర్మల్ పేస్ట్ కొత్తగా పూయండి. బ్యాక్‌ప్లేన్ (డిస్కులు గుచ్చుకునే బోర్డు) కనెక్టర్‌ను నిటారుగా లాగాలి, పక్కకు ఊపితే పిన్నులు వంగుతాయి.

మొదటిసారి ఖాళీ డిస్కుతో బూట్ చేసి, ఆపేసి, తర్వాతే అసలువి పెట్టండి. "ఇనిషియలైజ్" (డిస్కులను చెరిపి కొత్తగా సిద్ధం చేయడం) అని అడిగితే మాత్రం ఒప్పుకోవద్దు!

జవాబు 3: మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ పోర్టు గుర్తింపు సంఖ్య) మారుతుంది, రౌటర్‌లో ఐపీ రిజర్వేషన్ (ఆ సంఖ్యకు ఎప్పుడూ ఒకే ఐపీ ఇచ్చే సెట్టింగ్) సరిచేయండి.