అభిమానుల డబ్బుతో ఆల్బమ్: కొత్త పాట ముందు ఎవరి చెవిన పడాలి?

తొలిశ్రోత (చర్చ మొదలుపెట్టినవారు)

తన పాటలు తనే రాసుకుని, బాణీ కట్టుకుని, తనే పాడుకునే ఒక గాయని ఉంది. వెనకాల ఏ మ్యూజిక్ కంపెనీ లేదు. కొత్త ఆల్బమ్ కోసం అభిమానులనే డబ్బు అడిగింది. అడగ్గానే ఇచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. పేరు చెప్పను, ఆమెని నలుగురిలో నిలదీయడం నా ఉద్దేశం కాదు. చెప్పిన గడువు దాటింది, ఆల్బమ్ రాలేదు. ఈలోగా అందులోని రెండు పాటలు స్ట్రీమింగ్‌లో అందరికీ వచ్చేశాయి. డబ్బు పెట్టిన మాకు ముందుగా ఒక్క ముక్క చెప్పలేదు. ఎవరో షేర్ చేస్తే తెలిసింది.

పాటలు బాగున్నాయి. చాలా బాగున్నాయి, అందుకే ఇంత బాధ. రెండో పాటలో గిటార్ ఆగిపోయి గొంతు ఒక్కటే మిగిలే చోటు ఉంది. ఆమె ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది, దాన్ని చెరిపేయకుండా ఉంచారు. అలాంటి పాట తయారవడానికి తలో చేయి వేసినవాళ్లం, మిగతా లోకం కంటే ఒక రోజు ముందు వినాలనుకోవడం అత్యాశా? నా మాట సూటిగా చెప్తున్నాను. కొత్త పాటల్ని విడిగా విడుదల చేయడం తప్పు కాదు. డబ్బు పెట్టినవాళ్లకి చెప్పకుండా, వినిపించకుండా చేయడం తప్పు. మీరేమంటారు?

మంద్రస్థాయి

తొలిశ్రోత గారూ, మీ బాధ అర్థమైంది, వాదన మాత్రం ఒప్పుకోను. ఆ పాటలు రావాలని మీరు డబ్బు ఇచ్చారు. వచ్చాయి. పక్కవాళ్లు కూడా విన్నంత మాత్రాన మీకు తగ్గిందేమిటి?

పాటలన్నీ ఒకేసారి వదిలితే చిన్న ఆర్టిస్టు పరిస్థితి ఏమవుతుందో ఆలోచించండి. స్పాటిఫైలో ప్లేలిస్టులు కట్టే ఎడిటర్ల దృష్టికి పాట పంపాలంటే విడుదలకి ముందే పంపాలి, అదీ ఒకసారికి ఒక్క పాటే. పది పాటలు ఒకేరోజు వస్తే తొమ్మిదింటికి ఆ అవకాశం లేనట్టే. పైగా 2024 నుంచి అక్కడ ఇంకో నిబంధన నడుస్తోంది. గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు ప్లే కాని పాటకి రికార్డింగ్ రాయల్టీ రాదు. ఆల్బమ్‌లో ఎనిమిదో పాట దాకా ఓపిగ్గా వెళ్లేవాళ్లు ఎంతమంది? మీలాంటివాళ్లు వెళ్తారు, కొత్తవాళ్లు వెళ్లరు. అందుకే ఒక్కో పాటని విడిగా వదులుతారు. అది ఆమెకి పొట్టకూటి లెక్క.

తొలిశ్రోత

మంద్రస్థాయి గారూ, ఆ లెక్క నేను కాదనలేదు. విడిగానే వదలమనండి, ఇంకో నాలుగు వదలమనండి. మాకు ఒక రోజు ముందు ఒక ప్రైవేట్ లింక్ పంపితే ఆ లెక్కలో ఏం మారుతుంది?

మీకు తెలిసే ఉంటుంది, అభిమానుల డబ్బుతో ఆల్బమ్ చేసే ఈ పద్ధతి నిన్నా మొన్నా పుట్టింది కాదు. 1997లో మారిలియన్ అనే బ్రిటిష్ బ్యాండ్ దగ్గర అమెరికా టూర్‌కి డబ్బు లేకపోతే అభిమానులే ఇంటర్నెట్‌లో కూడబలుక్కుని 60,000 డాలర్లు పోగుచేశారు. దాన్ని చూసి బ్యాండ్ తమ తర్వాతి ఆల్బమ్‌కి అభిమానుల్నే అడిగింది. 2001లో వచ్చిన ఆ ఆల్బమ్‌కి 12,000 మందికి పైగా ముందే డబ్బు కట్టారు. అప్పటికి రికార్డింగే మొదలవలేదు. అంటే మ్యూజిక్ కంపెనీ ఇచ్చే అడ్వాన్స్ స్థానంలో అభిమాని వచ్చి నిలబడ్డాడు. కంపెనీ అడ్వాన్స్ ఇచ్చి ఉంటే ఏ పాట ఎప్పుడు వస్తుందో దానికి తెలియకుండా ఉండేదా? తనకి తెలియకుండా పాట బయటికి వెళ్తే ఊరుకునేదా? అదే డబ్బు మేం పెడితే మేం ఆఖరున తెలుసుకోవాలా?

మంద్రస్థాయి

కంపెనీ అడ్వాన్స్ ఇచ్చి పాట మీద హక్కులు రాయించుకుంటుంది, రాయల్టీలోంచి ఆ అడ్వాన్స్‌ని తిరిగి రాబట్టుకుంటుంది. ఆ బంధనం వద్దనే కదా ఆమె మీ దగ్గరికి వచ్చింది! ఇప్పుడు మీరూ కంపెనీలా మాట్లాడితే ఆమె ఇంకెక్కడికి పోవాలి?

ఫేడర్ మీద వేలు

నేను మిక్సింగ్ పనిలో, అంటే విడివిడిగా రికార్డైన గొంతుని, వాద్యాల్ని కలిపే పనిలో ఉన్నవాణ్ణి. రెండు విషయాలు చెప్తాను.

మొదటిది, "ఆల్బమ్ రాలేదు" అంటే పాటలు తయారవలేదని కాదు. వినైల్ రికార్డు (సూదితో వాయించే పెద్ద పళ్లెం) కూడా ఇస్తామని మాట ఇచ్చి ఉంటే ఆలస్యం ఎక్కువగా అక్కడే. మాస్టరింగ్, అంటే పాటకి ఆఖరి మెరుగు, అయ్యాక దాన్ని లాకర్ అనే పళ్లెం మీద గాడిగా చెక్కాలి, దాన్నుంచి అచ్చు తీయాలి, టెస్ట్ ప్రెస్సింగ్, అంటే మచ్చుకి వేసిన రికార్డు, విని సరే అనాలి, ఆ తర్వాతే అసలు ప్రెస్సింగ్. ఆ లాకర్లు చేసేవి ప్రపంచం మొత్తం మీద రెండే ఫ్యాక్టరీలు ఉండేవి. వాటిలో ఒకటి, కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్స్, 2020 ఫిబ్రవరిలో కాలిపోయింది. ఆ వెంటనే కరోనా వచ్చింది, వినైల్‌కి గిరాకీ పెరిగింది. కొన్ని ప్లాంట్లలో నెలల తరబడి క్యూలో ఆగాల్సి వచ్చింది. ఆర్టిస్టు చేతిలో ఏమీ లేదు.

టెస్ట్ ప్రెస్సింగ్ దగ్గర ఆగిపోవడం నేను దగ్గరగా చూశాను. రికార్డు లోపలికి వెళ్లేకొద్దీ గాడి చుట్టుకొలత తగ్గుతుంది, అదే సమయంలో సూది తక్కువ దూరం నడుస్తుంది. దాంతో చివరి పాటలో గొంతు పలికే 'స'లు, 'ష'లు చిరిగినట్టు వినిపిస్తాయి. ఆర్టిస్టు విని ఒప్పుకోదు. గొంతు గట్టిగా పాడిన పాటని తీసి ముందుకి జరిపి, మెత్తని పాటని చివరికి వేయాలి. పాటల వరస మారితే మళ్లీ చెక్కాలి, మళ్లీ ప్లాంట్ దగ్గర క్యూలో నిలబడాలి. ఈ లోపల పాటల్ని డిజిటల్‌లో విడుదల చేయకుండా దాచుకుని కూర్చోవాలా?

రెండోది, ముందస్తు లింకులు లీకవుతాయి. కొన్ని వందలమందికి పంపిన లింక్ రహస్యం కాదు.

తొలిశ్రోత

ఫేడర్ గారూ, మీరు ఇప్పుడు రాసిన ఈ వినైల్ సంగతి మాకు ఆమె నుంచి వచ్చి ఉంటే నేను ఈ చర్చే పెట్టేదాన్ని కాదు. 'స' అక్షరం సరిగా పలకట్లేదని ఆల్బమ్ ఆగిందంటే నాకు ఆమె మీద గౌరవం పెరుగుతుంది. ఏమీ చెప్పకపోతేనే అనుమానం పెరుగుతుంది.

లీక్ అంటారా, మర్నాడు అందరికీ వచ్చే పాట ఒక రోజు ముందు లీకైతే నష్టం ఎంత?

గల్లాపెట్టె

అసలు విషయం డబ్బు, దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. నేను మూడు నాలుగు ఆల్బమ్‌లకి డబ్బు పెట్టాను, ఎవరు ముందు విన్నారన్నది నాకు పట్టదు. లెక్క చెప్పారా లేదా అన్నదే పట్టింపు.

ప్లెడ్జ్‌మ్యూజిక్ గుర్తుందా? 2009లో మొదలైన సైట్, పాటలవాళ్ల కోసమే. అభిమానులు కట్టిన డబ్బు ఆర్టిస్టులకి చేరకుండానే 2019లో మూతపడింది. అక్కడ ఆర్టిస్టుల తప్పు లేదు, అభిమానుల తప్పూ లేదు, ఇద్దరూ మునిగారు. కొందరు సొంత డబ్బుతో సీడీలు వేసి పంపారు. మధ్యలో ఉన్నవాడి ఖాతాలో డబ్బు ఎన్నాళ్లు ఉంటుందో అడగాలని అప్పుడే తెలిసొచ్చింది.

జనం దగ్గర డబ్బు పోగుచేసుకునే ఇంకో సైట్, కిక్‌స్టార్టర్ అయితే తాము దుకాణం కాదని ముందే చెప్తుంది. కానీ పని పూర్తి చేయలేకపోతే డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పాల్సిన బాధ్యత మాత్రం డబ్బు తీసుకున్నవాళ్లదేనని దాని షరతుల్లోనే ఉంది. 2012లో అమాండా పామర్ అనే అమెరికన్ గాయని అక్కడ 25,000కి దగ్గరగా ఉన్న జనం నుంచి దాదాపు 12 లక్షల డాలర్లు సేకరించింది. అంత సొమ్ము ఎక్కడికి పోతుందో లెక్క తనే రాసి బయటపెట్టింది, అది నాకు నచ్చింది. తర్వాత టూర్‌లో స్థానిక వాద్యకారుల్ని డబ్బు లేకుండా వాయించమని పిలిచినప్పుడు విమర్శలు వెల్లువెత్తాయి. ఆఖరికి వాళ్లకి డబ్బు ఇచ్చింది. లెక్క బయట ఉంది కాబట్టే ఆ ప్రశ్న అడగగలిగారు.

చిన్న ఆర్టిస్టుకైనా ఇదే వర్తిస్తుంది. వచ్చిన మొత్తంలో కిక్‌స్టార్టర్‌కి 5 శాతం, చెల్లింపుల చార్జీలు ఆపైన. తర్వాత స్టూడియో, వాద్యకారులు, మిక్సింగ్, మాస్టరింగ్, ప్రెస్సింగ్, ఆఖరున పోస్టేజ్. అందరూ తక్కువ అంచనా వేసేది పోస్టేజే. ఈ ఆరు వరసలు రాసి పంపడానికి ఎంత సేపు పడుతుంది?

పాట కట్టే పిల్ల

నేను అటువైపు మనిషిని. అభిమానుల డబ్బుతో ఒక ఆల్బమ్ చేశాను. గల్లాపెట్టె గారూ, ఆరు వరసలు రాయడం కష్టం కాదండీ. రాశాక వచ్చే జవాబులు చదవడం కష్టం. "మిక్సింగ్‌కి అంతా?" అని ఒకరు, "మా డబ్బుతో కొత్త మైక్ కొన్నారా?" అని ఇంకొకరు. ఆ రోజు పాట రాయలేం.

ముందుగా వినిపించడం గురించి. మాట ఇచ్చాను కదా అని ఒక పాట డెమో అందరికీ పంపాను. ఫోన్‌లో రికార్డు చేసింది, గిటార్, గొంతు అంతే. మిక్సింగ్ సమయానికి రెండో చరణంలో ఆఖరి పాదం మార్చాను, డెమోలో ఉన్నది ప్రాస కోసం వేసింది, నాకే అబద్ధంలా అనిపించింది. ఆల్బమ్ వెళ్లాక వచ్చిన సందేశాల్లో సగం ఆ పాదం గురించే. పాతదే బాగుంది, ఎందుకు మార్చారు, మేం డబ్బు కట్టింది ఆ పాటకి అని. ఇప్పుడు వేదిక మీద ఆ చోటికి వచ్చేసరికి టెన్షన్. ముందు వరసలో ఎవరో పాత పాదమే గట్టిగా పాడతారు. ప్రేమతోనే పాడతారు, నాకు తెలుసు. కానీ పాట నా చేతిలోంచి కొంచెం జారిపోయింది.

డబ్బు ఇచ్చినవాళ్లకి పాట ముందు వినిపించాలి అనే నియమం వస్తే, నేను పాటని వాళ్ల కోసం రాయడం మొదలుపెడతాను. అది వాళ్లకీ వద్దు.

తొలిశ్రోత

మీరు వచ్చి రాసినందుకు చాలా సంతోషం. మీరు చెప్పిన ఆ పాదం సంగతి చదివి కాసేపు ఆగిపోయాను. పాట మీది. ఏ పాదమైనా ఎప్పుడైనా మార్చుకునే హక్కు మీది. ఎంత డబ్బు పెట్టినా అది మాకు రాదు, రాకూడదు.

కానీ నేను అడుగుతున్నది డెమో కాదండీ. మాస్టరింగ్ కూడా అయిపోయి, విడుదల తేదీ పడిన పాట. అందులో మార్చడానికి ఏమీ మిగలదు, మా అభిప్రాయం దూరడానికి సందు లేదు. తయారీ అంతా చూపించాలా వద్దా అన్నది వేరే సంగతి. కొందరికి అదీ నప్పుతుంది. మరియా ష్నైడర్ అనే జాజ్ స్వరకర్త, అభిమానుల డబ్బుతో ఆల్బమ్‌లు చేయించే ఆర్టిస్ట్‌షేర్ అనే సైట్ ద్వారా, స్వరరచన ఎలా సాగుతోందో డబ్బు పెట్టినవాళ్లతో పంచుకుంటూ ఒక ఆల్బమ్ చేసింది. దుకాణాల్లో పెట్టకుండా ఇంటర్నెట్‌లోనే అమ్మింది, అది 2005లో గ్రామీ గెలుచుకుంది. మీకు అది నప్పదు, సరే. తలుపు మూసుకునే రాసుకోండి. తలుపు తెరిచే రోజున మాత్రం బయట ఎదురుచూస్తున్నవాళ్లకి ముందు చెప్పండి.

మంద్రస్థాయి

ఇదంతా మర్యాద గురించి. మర్యాదని హక్కుగా రాసుకోవడం దగ్గరే నా అభ్యంతరం. పాట కట్టే పిల్ల గారు చెప్పింది మీరు మళ్లీ చదవాలి. "ముందు" అనేది ఒక మెట్టు, అది ఎక్కాక ఇంకో మెట్టు అడుగుతారు.

ఫేడర్ మీద వేలు

మధ్యలో ఒక చిన్న విషయం. సింగిల్‌గా, అంటే విడిగా వచ్చిన పాటకి ఇచ్చిన ఐఎస్ఆర్‌సీ కోడ్‌నే (ఒక్కో రికార్డింగ్‌కి ఉండే గుర్తింపు కోడ్) ఆల్బమ్‌లోనూ వాడితే, అదే రికార్డింగ్ కాబట్టి అప్పటిదాకా వచ్చిన ప్లేలు మామూలుగా ఆల్బమ్‌కీ లెక్కకొస్తాయి. కాబట్టి ముందు వదిలిన రెండు పాటల వల్ల ఆల్బమ్‌కి మేలే. మీరు డబ్బు పెట్టిన పనికి అవి ఎదురు తిరగలేదు, తొలిశ్రోత గారూ.

లింక్ విషయంలో, మాస్టరింగ్ అయిన పాటని ఒక రోజు ముందు పంపడం మాకు పెద్ద పనేమీ కాదు. అది ఒప్పుకుంటాను.

తొలిశ్రోత

మంద్రస్థాయి గారూ, నేను రెండో మెట్టు అడగను, అడిగేవాళ్లు ఉంటారని మొదటిది ఎగ్గొట్టడం న్యాయం కాదు. నాకు డబ్బు వాపసు వద్దు. ఆమె తర్వాతి ఆల్బమ్‌కి కూడా పెడతాను. ఈసారి మాత్రం కట్టే ముందే ఆమెకి రాసి అడుగుతాను. విడిగా పాటలు వదిలే ఉద్దేశం ఉందా, ఉంటే మాకు ఎప్పుడు తెలుస్తుంది, ఆలస్యమైతే ఎక్కడ ఆగిందో చెప్తారా అని. జవాబు వచ్చాక ఇక్కడే పెడతాను, ఆమె ఒప్పుకుంటేనే.