శుక్రవారం రాత్రి భోజనానికి పిలిచారు, పులిహోర పట్టుకెళ్లొచ్చా? ఇంకో సందేహం కూడా

న్యూయార్క్‌లో, క్వీన్స్‌లో అద్దెకుంటున్నాం. పోయిన చలికాలం బిల్డింగులో హీటింగ్ సరిగ్గా రాక పిల్లలకి స్వెటర్ మీద స్వెటర్ తొడిగి పడుకోబెట్టాం, ఓనరుకి ఎన్ని మెయిల్స్ పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. పై అంతస్తులో ఉండే ఒక యూదు లాయరుగారు ఇంటింటికీ వెళ్లి, ఒక్కొక్కరితో అరగంట కూర్చుని, మా కష్టాలన్నీ విని అద్దెదారుల సంఘం పెట్టించారు. అక్టోబర్ 1 నుంచి మే 31 దాకా వేడి ఇవ్వాల్సింది ఓనరేనని ఆవిడ చెప్పేదాకా నాకు తెలీదు!

తమ యూదుల్లో ఇది పాత అలవాటేనంటారు ఆవిడ. 1893లో ఇదే ఊళ్లో వలస కుటుంబాల మధ్య పని మొదలుపెట్టిన నర్సు లిలియన్ వాల్డ్, 1939లో షికాగో కబేళాల పక్క బస్తీలో సంఘం కట్టిన సాల్ అలిన్‌స్కీ, ఇలా మొదలుపెడితే టీ చల్లారిపోవాల్సిందే. లోకాన్ని బాగుచేయడాన్ని 'తిక్కున్ ఓలమ్' అంటారట.

ఇప్పుడు నన్ను కార్యదర్శిగా ఉండమంటున్నారు. సంఘం పెట్టుకునే హక్కు ఇక్కడి చట్టంలోనే ఉందట, కానీ నాది హెచ్1బి, మా ఆయనకి ఒకటే టెన్షన్. ఇలా పేరు ఇచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? వీసాకి ఇబ్బందేమైనా వచ్చిందా?

రెండోది, ఈ శుక్రవారం షబ్బాత్ (యూదుల వారపు విశ్రాంతి దినం) భోజనానికి ఆ లాయరుగారు పిలిచారు. వాళ్లు కోషర్ (యూదుల ఆహార నియమాలు) పాటిస్తారు, మా వంటింట్లో కోడికూర కూడా వండుతాం. మరి పులిహోర పట్టుకెళ్తే మొహమాటపడతారా, లేక పూలు చాలా? తెలిసినవాళ్లు గురువారంలోపు చెప్పండి ప్లీజ్.