మార్గశిరం రాగానే చీకటైపోతున్న మా హాలుకు వెలుతురు ఎలా తేవాలి?

ప్రశ్న: మియాపూర్ గృహిణి

అందరికీ నమస్కారం. మేము హైదరాబాద్ మియాపూర్‌లో, స్టిల్ట్ పార్కింగ్ మీద ఉన్న మొదటి అంతస్తులో, రెండు పడకగదుల ఫ్లాటులో నాలుగేళ్లుగా ఉంటున్నాము. ఉత్తరం వాకిలి దొరికిందన్న సంతోషంతోనే కొనుక్కున్నాము. ఎండాకాలంలో హాలు చల్లగా, వెలుతురుగా బాగానే ఉంటుంది. కార్తీకం వెళ్లి మార్గశిరం ప్రవేశించిన దగ్గర నుంచి రథసప్తమి వరకు మాత్రం పట్టపగలు పదకొండు గంటలకు కూడా ట్యూబ్‌లైటు వేయనిదే పేపరు చదవలేకపోతున్నాము.

హాలుకు ఉన్న ఒకే ఒక్క కిటికీ ఉత్తరపు బాల్కనీలోకి తెరుచుకుంటుంది. బాల్కనీకి గ్రిల్లు, గ్రిల్లుకు దోమల మెష్, లోపల బట్టలు ఆరేసే తీగలు ఉన్నాయి. దక్షిణాన పెద్ద పడకగది ఉంది కానీ దాని కిటికీకి 10 అడుగుల దూరంలోనే పక్క అపార్ట్‌మెంటు వాళ్ల రంగు వేయని సిమెంటు గోడ ఐదంతస్తుల ఎత్తున నిలబడి ఉంది. పైగా బీరువా నైరుతిలో ఉత్తరం చూస్తూ ఉండాలని పెట్టడం వల్ల ఆ కిటికీ సగం మూసుకుపోయింది. తూర్పున వంటగది, దానిని ఆనుకొని వాష్ ఏరియా ఉన్నాయి; అటు ప్రస్తుతానికి ఖాళీ స్థలమే. పడమటి గోడ పక్క ఫ్లాటుతో ఉమ్మడి గోడ.

నా అసలు బాధ మా అత్తయ్య గురించి. పోయిన ఏడాది మామయ్య కాలం చేసిన తరువాత ఆవిడను కోనసీమ నుంచి మా దగ్గరకు తీసుకువచ్చాము. 72 ఏళ్ల మనిషి, జీవితమంతా మండువా లోగిలిలో గడిపారు. ప్రతిరోజూ రామకోటి రాసుకుంటారు. మొన్న ఆవిడ పుస్తకం తెరిచి చూస్తే, నెల క్రితం వరకు గళ్లలో ముత్యాల్లా కుదురుగా ఉన్న అక్షరాలు ఇప్పుడు గీత దాటి పక్క గడిలోకి ఒరిగిపోయి కనిపించాయి. అడిగితే ‘కనబడటం లేదమ్మా, మబ్బు పట్టినట్టుంది’ అన్నారు. బయట ఎండ కాస్తోంది. పుస్తకం మూసి సోఫాలో పగలంతా కునుకు తీస్తున్నారు, రాత్రి రెండింటికే లేచి కూర్చుంటున్నారు.

ఇంటీరియర్ పనులు చేసే ఒకాయన వచ్చి చూసి, ఒక గోడ నిండా అద్దం, సీలింగులో పదహారు లైట్లు పెట్టమన్నారు. గోడలు పగలగొట్టకుండా, తక్కువ ఖర్చుతో, సంక్రాంతి లోపల చేయగలిగినవి ఏమైనా ఉంటే చెప్పగలరు.

జవాబు: విజయవాడ నుంచి ఒక సివిల్ ఇంజినీరు

అమ్మా, ముందుగా కారణం తెలిస్తే మందు వెతకడం సులువవుతుంది. చలికాలంలో పగలు చిన్నదవుతుంది కాబట్టి ఇల్లు చీకటవుతుందని చాలామంది అనుకుంటారు కానీ, హైదరాబాద్‌లో ఏడాదిలోకెల్లా చిన్న పగలు కూడా 11 గంటలు ఉంటుంది. మీ ఇబ్బందికి మూలం సూర్యుడు నడిచే దారిలో ఉంది. హైదరాబాద్ అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు కనుక, మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు; ఆ నెలల్లో ఉదయం, సాయంత్రం మీ ఉత్తరపు బాల్కనీలోకి ఏటవాలు ఎండ వస్తుంది. డిసెంబరు మూడో వారానికి వచ్చేసరికి ఆయన తూర్పుకు దాదాపు 25 డిగ్రీలు ఆగ్నేయంగా ఉదయించి, రోజంతా దక్షిణానే నడిచి, మిట్టమధ్యాహ్నం కూడా 49 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. ఉత్తరపు గోడ మీద అప్పుడు ఒక్క ఎండ పొడ కూడా పడదు.

దక్షిణపు కిటికీ ఆదుకోవాలి కానీ అక్కడ పక్క భవనం అడ్డం వచ్చింది. రెండు భవనాలూ ఒకే ఎత్తున, 10 అడుగుల ఎడంతో ఉంటే, 49 డిగ్రీల ఎండ మీ భవనం గోడ మీద పై నుంచి పదకొండు, పన్నెండు అడుగుల మేరకే దిగుతుంది. అంటే పై అంతస్తు వారికి తప్ప ఎవరికీ అందదు. అయితే ఆ పైన పడిన ఎండ, ఆకాశపు వెలుతురు రెండు గోడల మధ్య అటూ ఇటూ తగులుతూ కిందికి దిగుతాయి. రంగు వేయని సిమెంటు గోడ తనకు తగిలిన వెలుతురులో చాలా భాగాన్ని ప్రతిసారీ మింగేస్తుంది. మంచి తెల్ల రంగు గోడ మూడు వంతులకు పైగా తిరిగి ఇస్తుంది. కాబట్టి పక్క అపార్ట్‌మెంటు అసోసియేషన్ వారిని అడిగి, మీ కిటికీకి ఎదురుగా ఉన్న భాగానికి మీ ఖర్చుతోనే తెల్ల రంగు వేయించండి. వాళ్ల గోడ వాళ్లకూ బాగుపడుతుంది కనుక సాధారణంగా కాదనరు. అదే సమయంలో బీరువాను దక్షిణపు గోడ వెంటే పడమటి మూలకు పూర్తిగా జరిపితే, నైరుతీ తప్పదు, ఉత్తరం చూపూ తప్పదు, కిటికీ మొత్తం తెరుచుకుంటుంది. పగలు ఆ గది తలుపు తీసి ఉంచితే హాలు వెనుక సగానికి వెలుతురు అందుతుంది.

ఇక హాలు సంగతి. మీ అత్తయ్యగారు కూర్చునే చోట మీరు కూర్చొని, ఆవిడ కళ్ల ఎత్తున తల ఉంచి, కిటికీలోంచి ఆకాశం ఏ మాత్రమైనా కనిపిస్తోందేమో చూడండి. ఆకాశం కనిపించని చోట పగటి వెలుతురు ఎప్పుడూ చాలదు, అక్కడ ఏ రంగు వేసినా ప్రయోజనం కొద్దిగానే ఉంటుంది. కుర్చీని ఆకాశం కనిపించే చోటికి జరపడం అన్నిటికన్నా చవకైన పని, అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చే పని కూడా.

బాల్కనీ మెష్‌ను ఊడదీసి కడిగించండి. నాలుగేళ్ల దుమ్ము పట్టిన మెష్ అంటే కిటికీకి బూడిద రంగు పరదా వేసినట్టే. ఆరేసే తీగలను కిటికీ ముందు నుంచి పక్కకు మార్చండి, ఎందుకంటే ఆకాశం కనిపించే పై భాగంలోనే తడి చీరలూ దుప్పట్లూ వేలాడుతుంటాయి. కిటికీకి రంగు అద్దం గానీ సన్‌ఫిల్మ్ గానీ ఉంటే తీసేయండి. మామూలు తెల్ల అద్దం తన మీద పడిన వెలుతురులో పది వంతులకు తొమ్మిది వంతులు లోపలికి పంపుతుంది.

అద్దం గోడ గురించి నా అభిప్రాయం నిక్కచ్చిగా చెబుతాను: వద్దు. అద్దం తనకు కనిపించినదాన్నే తిరిగి చూపిస్తుంది. ఆకాశం కనిపించని గోడకు అద్దం పెడితే అది మీ చీకటి హాలును రెండుసార్లు చూపిస్తుంది, అంతే. కిటికీకి ఎదురుగా ఉన్న గోడకూ, సీలింగుకూ మెరుపు లేని తెలుపు వేస్తే వెలుతురు గదంతా పరుచుకుంటుంది.

జవాబు: అమలాపురం నుంచి ఒక పెద్దావిడ

ఇంజినీరుగారు చెప్పిన మాటలు చదువుతుంటే మా పుట్టింటి మండువా కళ్లముందు కదిలింది. నడిమధ్య ఆకాశం ఉండేది కనుక చుట్టూ ఉన్న నాలుగు వసారాలకూ వెలుతురు అక్కడి నుంచే వచ్చేది. వంటింటికి మాత్రం అది చాలక, పెంకుల మధ్య ఒక గాజు పెంకు పెట్టించేవారు. పొద్దు ఎక్కేకొద్దీ ఆ పెంకు లోంచి పడే ఎండ బిళ్ల పొయ్యి దగ్గర నుంచి గోడ మీదకు పాకుతుంటే, దాన్ని చూసి మా అమ్మ అన్నం ఎప్పుడు వార్చాలో లెక్క కట్టేది.

ఇంకో సంగతి. పెద్ద పండగకు ముందు ఇంటికి సున్నాలు వేయించడం శుభ్రం కోసమే అనుకునేదాన్ని. ఏడాదిలో ఇల్లు అన్నిటికన్నా మసకగా ఉండే నెలలోనే, సున్నంలో చిటికెడు నీలిమందు కలిపి, గోడలు కళ్లు చెదిరేటంత తెల్లగా చేసేవారని ఇప్పుడు అర్థమవుతోంది. మీరు సంక్రాంతి లోపల రంగు వేయించాలనుకోవడం చాలా బాగుంది. ఆ అమ్మను సోఫాలో కాకుండా బాల్కనీ గడప దగ్గర పీట వేసి కూర్చోబెట్టండి. లోగిలిలో బతికిన మనిషికి నలుగురు వచ్చీ పోయే చోటే ప్రాణం.

జవాబు: స్టాక్‌హోమ్‌లో ఉంటున్న తెలుగువాడిని

మేము ఉండే చోట డిసెంబరు మూడో వారంలో సూర్యుడు ఉదయం 8:45 ప్రాంతంలో వచ్చి మధ్యాహ్నం మూడు లోపలే వెళ్లిపోతాడు. మధ్యాహ్నం కూడా ఆకాశంలో 7 డిగ్రీల ఎత్తుకు మించడు. అందుచేత ఇక్కడివారు దీపాలు పెట్టే పద్ధతిని ఎనిమిదేళ్లుగా శ్రద్ధగా గమనిస్తున్నాను. మొదటి అడ్వెంటు ఆదివారం, అంటే క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగో ఆదివారం నుంచి, దాదాపు ప్రతి ఇంటి కిటికీలోనూ కరెంటుతో వెలిగే ఏడు దీపాల సెమ్మె గానీ, కాగితపు నక్షత్రం గానీ వెలుగుతుంది. ఇళ్లలో ఒకే పెద్ద దీపం కనిపించడం అరుదు. ప్రతి గదిలో నాలుగైదు చిన్న దీపాలు బల్ల మీద, కిటికీ గూటిలో, మూలల్లో, కూర్చున్న మనిషి భుజం ఎత్తున ఉంటాయి.

మన ఇళ్లలో ఒక గోడకు ఎత్తున ఒక ట్యూబ్‌లైటు ఉంటుంది. దాని వెలుగు కళ్లలో పడుతుంది, మూలలు మాత్రం నల్లగానే మిగిలిపోతాయి. గది చీకటిగా తోచడానికి ఎక్కువగా ఆ నల్లటి మూలలూ, మసకగా కనిపించే గోడలూ కారణం. అందువల్ల సీలింగులో పదహారు లైట్లు పెడితే నేల మెరుస్తుంది తప్ప గోడలు వెలగవు. రెండు స్టాండు దీపాలు తీసుకొని, వాటి వెలుగు గోడ మీదకూ సీలింగు మీదకూ పడేలా మూలల్లో పెట్టండి. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు సుమారు 800 నుంచి 900 ల్యూమెన్ల వెలుగు ఇస్తుంది. తెల్లటి గోడ పక్కన అలాంటివి రెండు చాలు. పగటి వెలుతురుకు తోడుగా వాడే దీపానికి 4000 కెల్విన్ రంగు కుదురుతుంది (ఈ అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపుగా, పెరిగేకొద్దీ నీలి తెలుపుగా ఉంటుంది). 6500 కెల్విన్ బల్బులు మసక గదిలో పాలిపోయినట్టుగా ఉంటాయి. సాయంత్రం ఏడు తరువాత 3000 కెల్విన్ దీపాలు మాత్రమే ఉంచండి. పెట్టె మీద సీఆర్ఐ (రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో తెలిపే అంకె) విలువ 90 ఉన్నది దొరికితే పసుపు, కుంకుమ, పూల రంగులు అసలు రంగుల్లోనే కనిపిస్తాయి.

అత్తయ్యగారి నిద్ర విషయంలో ఒక్క మాట. మన శరీరం పగలేదో రాత్రేదో కంటిలో పడే వెలుతురును బట్టి తెలుసుకుంటుంది. ఒక చోట పడే వెలుతురును లక్సుల్లో కొలుస్తారు; లైటు వేసిన గదిలో రెండు, మూడు వందల లక్సుల వెలుగు ఉంటే గొప్ప. మబ్బు పట్టిన పగలు కూడా బయట వేల లక్సులు ఉంటుంది. ఉదయం పూట అరగంట ఆరుబయట కూర్చోబెట్టడానికి ఇంట్లో వాడే మామూలు దీపం ఏదీ సాటి రాదు.

జవాబు: కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తున్నాను

దీపాలతో పాటు ఆవిడ కళ్లు కూడా చూపించండి. అరవై ఏళ్లు దాటిన కంటిలో, ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే, మూడో వంతు వెలుతురే లోపలి పొర దాకా చేరుతుంది. అందువల్ల మీకు సరిపోయే వెలుగు ఆవిడకు సరిపోదు. శుక్లం ముదురుతుంటే ‘మబ్బు పట్టినట్టుంది’ అనే అంటారు. రాసుకునేటప్పుడు దీపం ఆవిడ ఎడమ భుజం వైపు ఉండాలి, అప్పుడు కలం పట్టిన చేతి నీడ గడి మీద పడదు.

ప్రశ్న అడిగిన మియాపూర్ గృహిణి, ఐదు వారాల తరువాత

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. చేసినవి చేసినట్టు రాస్తున్నాను.

మొదటి రోజే అత్తయ్య సోఫాలో కూర్చొని చూశాను. ఎదురు భవనం, పైన మా బాల్కనీ స్లాబు, వాటి మధ్య ఆరేసిన దుప్పటి తప్ప ఆకాశం కొంచెం కూడా కనిపించలేదు. అక్కడి నుంచి నాలుగడుగులు ముందుకు, కిటికీ ఎడమ పక్కకు జరిగేసరికి జానెడు నీలం కనిపించింది. ఇప్పుడు ఆవిడ కుర్చీ అక్కడే ఉంటోంది. మెష్ కడిగిన నీళ్లు మూడు బకెట్లు నల్లగా వచ్చాయి. దాన్ని తిరిగి బిగించిన మధ్యాహ్నం మా అబ్బాయి బడి నుంచి వచ్చి ‘అమ్మా, లైటు వేశావా?’ అని అడిగాడు. వేయలేదు.

పక్క అసోసియేషన్ వారు మొదట తటపటాయించినా, అత్తయ్య సంగతి చెప్పాక ఒప్పుకున్నారు. పరంజా కట్టి, మా కిటికీకి ఎదురుగా రెండంతస్తుల మేర తెల్ల రంగు వేయించడానికి కూలితో కలిపి తొమ్మిది వేలు అయింది. బీరువా మూలకు జరిగింది. పడకగదిలో వచ్చిన మార్పు స్పష్టంగా తెలుస్తోంది. హాలు వెనుక భాగంలో మాత్రం కాస్తే తెలుస్తోంది. హాలులో కిటికీకి ఎదురుగా ఉన్న కాఫీపొడి రంగు గోడను తెల్లగా మార్చాము. అది ఇష్టపడి వేయించుకున్న రంగు కనుక మొదటి రెండు రోజులు మనసుకు వెలితిగా అనిపించింది.

కళ్ల పరీక్షలో కుడి కంటికి శుక్లం ఉన్నట్టు తేలింది. పండగ వెళ్లాక ఆపరేషనుకు తేదీ ఇచ్చారు.

ఇవన్నీ ఒక ఎత్తు. సూర్యుడు డిసెంబరులో ఆగ్నేయం వైపు ఉదయిస్తాడన్న మాట చదివాక, తెల్లవారి వాష్ ఏరియాలో నిలబడి చూశాను. ఏడుంపావు నుంచి గంటన్నర పాటు, వాషింగ్ మెషీనుకూ గ్రిల్లుకూ మధ్య ఉన్న మూడడుగుల స్థలంలో నిండుగా ఎండ పడుతోంది. నాలుగేళ్లుగా అక్కడ ఖాళీ గ్యాస్ సిలిండరు, పాత పేపర్ల కట్టలు పెట్టి ఉంచాను. అవి తీసేసి పీట వేశాను. ఇప్పుడు అత్తయ్య స్నానం కాగానే అక్కడ కూర్చొని, వీపుకు ఎండ తగులుతుండగా, గ్రిల్లు నీడలు పుస్తకం మీద పడకుండా కొంచెం పక్కకు తిరిగి, రోజుకు రెండు పేజీలు రాస్తున్నారు. అక్షరాలు ఇంకా అక్కడక్కడా గీత తాకుతున్నాయి కానీ పక్క గడిలోకి పోవడం లేదు. రాత్రి నాలుగున్నర దాకా పడుకుంటున్నారు.

ఎండ ఆ చోటు నుంచి ఏ తేదీకి ఎటు జరుగుతుందో తెలుసుకోవాలని నేల మీద ముగ్గుపిండితో వారానికి ఒక గీత గీస్తున్నాను. తూర్పున ఖాళీ స్థలంలో కట్టడం మొదలైతే ఏం చేయాలో ఇంజినీరుగారు ఇప్పుడే చెబితే, అందుకు తగ్గట్టు సిద్ధపడతాము.