లాల్‌బాగ్ బర్డ్ వాక్‌కి అమ్మని తీసుకెళ్లొచ్చా?

హిందూపురం_పిల్ల
అందరికీ నమస్తే. మేము బెంగళూరులో జయనగర్ దగ్గర ఉంటాం. మా అమ్మ ఊరినుంచి వచ్చి రెండు నెలలుంటుంది, ఫ్లాట్‌లో పొద్దు పోవట్లేదు పాపం, బాల్కనీలో కూర్చుని ఏ పిట్ట అరిచినా పేరు చెప్తా ఉంటుంది. లాల్‌బాగ్‌లో రెండో ఆదివారం పొద్దున పక్షులు చూపించే వాక్ ఉంటుందని విన్నా, అమ్మని, మా ఎనిమిదేళ్ల పాపని తీసుకెళ్దామని ఉంది. అమ్మకి అరవై ఆరు, మోకాళ్ల నొప్పులు. ఇంగ్లీషు రాదు, కన్నడ అర్థమవుతుంది. బైనాక్యులర్స్ కొనాలా? నడక ఎక్కువుంటుందా? ఆమె చిన్నబుచ్చుకునేలా ఏమీ జరక్కూడదు, అదే నా భయం.

చెరువుగట్టు
తప్పకుండా తీసుకెళ్లండి అక్కా. బర్డ్ వాక్ అంటే మామూలు వాకింగ్ కాదు, పది అడుగులు వేస్తారు, పావుగంట ఒక చెట్టు కింద నిలబడతారు, కాబట్టి మోకాళ్లకి నడక కన్నా నిలబడటమే కష్టం, చిన్న మడత స్టూల్ ఒకటి పట్టుకెళ్లండి. కెంపేగౌడ గోపురం ఉన్న బండ మాత్రం ఎక్కించొద్దు, మంచుకి జారుతుంది. ఆ బండ వయసు 300 కోట్ల ఏళ్లంట, పాపకి కింద నుంచే చూపించండి. జనవరి, ఆగస్టు ఫ్లవర్ షో రోజుల్లో అసలు పోవద్దు, జనం మధ్య ఒక్క పిట్ట కనపడదు.

ఆకుపచ్చచొక్కా
బైనాక్యులర్స్ అప్పుడే కొనకండి, ఒకసారి ఎవరివైనా అడిగి చూడండి, ఇస్తారు. కొంటే 8x42 తీసుకోండి, అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మి.మీ. 10x అయితే పెద్దవాళ్ల చేతిలో బొమ్మ వణుకుతుంది. అమ్మగారికి కళ్లజోడు ఉంటే కంటి దగ్గరి రబ్బరు కప్పులు లోపలికి తిప్పేయాలి, అది ఎవరూ చెప్పక చాలామంది "నాకేం కనపడలేదు" అని పక్కన పెట్టేస్తారు. పాపకి ఫోన్‌లో మెర్లిన్ యాప్ వేసివ్వండి, కూత విని పేరు చెప్తుంది, కానీ కూతలు ప్లే చేసి పిట్టల్ని పిలవనివ్వొద్దు, గూడు కట్టే కాలంలో అవి కంగారుపడతాయి.

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వలస పిట్టలు కూడా ఉంటాయి, తోక పిగిలిపిట్ట కనపడిందంటే ఆ రోజు పండగే, మగదానికి మూరెడు తోక.

హిందూపురం_పిల్ల
వెళ్లొచ్చామండి! ఆలస్యంగా రాస్తున్నా, ఏమనుకోవద్దు.

గ్లాస్ హౌస్ నుంచి చెరువు వైపు నడిచాం. మొదట అమ్మ వెనకే ఉండిపోయింది, అందరూ కెమెరాలతో ఉన్నారు కదా. ఒక చోట పైనుంచి టంగ్ టంగ్ అని ఆగకుండా వినపడింది, నడిపించే ఆయన ఇంగ్లీషులో కాపర్‌స్మిత్ బార్బెట్ అన్నారు, అమ్మ నా చెవిలో "కంసాలిపిట్టే" అంది. నేను గట్టిగా చెప్పేశా. ఆయన ఆగి, పేరు మళ్లీ అడిగి నోట్‌బుక్‌లో రాసుకున్నారు, రెండు పేర్లూ లోహం మీద సుత్తి కొట్టే ఒకే చప్పుడు నుంచి పుట్టాయి చూడండి అని అందరికీ చెప్పారు. ఇంక అమ్మ ముందుకొచ్చేసింది. బుల్‌బుల్‌కి పికిలిపిట్ట, చెరువు గట్టున ఊదా రంగు కోడిలా తిరిగేదానికి నీలబొల్లికోడి, రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకి, అన్నీ పాప రాసుకుంది, రెండు కాలమ్స్ గీసి.

నాకు బాగా గుర్తుండిపోయింది చెట్టు తొర్రలో చిన్న గుడ్లగూబ. మా ఊళ్లో రాత్రి అది అరిస్తే కీడని తలుపులు వేసేవాళ్లు. అమ్మ జీవితంలో మొదటిసారి దాన్ని పగలు, దగ్గరగా, బైనాక్యులర్స్‌లో చూసింది. పసుపు కళ్లు, చుక్కల తల. చాలాసేపు చూసి "ఇంత చిన్నదా, దీనికా మేం భయపడింది" అంది.

దారంతా ఆమె చెప్పింది వాళ్ల పక్క వీరాపురం కొంగల గురించే, చింతచెట్ల మీద ఇళ్ల మధ్యే గూళ్లు కడతాయి కదా, ఊరివాళ్లు తరమరు, పుట్టింటికి కాన్పుకొచ్చిన ఆడబిడ్డల్లాగా చూస్తారంట. పాప ఇప్పుడు అక్కడికి పోదామని పట్టు. ఎప్పుడు పోతే మంచిది?

చెరువుగట్టు
చదివి చాలా సంతోషమైంది అక్కా. సంక్రాంతి దాటాక ప్లాన్ చేయండి, గుడ్లు పొదిగి పిల్లలయ్యాక ఇంకా బావుంటుంది. చిలమత్తూరు మండలం, బెంగళూరు నుంచి పొద్దున బయల్దేరి సాయంత్రానికి వచ్చేయొచ్చు. చెట్ల కిందకి పోయి అరవకుండా దూరం నుంచే చూడండి. పాప రాసిన ఆ రెండు కాలమ్స్ పేజీ ఫోటో ఇక్కడ పెట్టండి ప్లీజ్, మా అబ్బాయికి కూడా నేర్పిస్తా.