హెచ్‌ఎల్‌ఏ పోలికను బట్టి రెండు జనాలకు చుట్టరికం ఉందని చెప్పొచ్చా?

నమస్కారమండీ. ఎమ్మెస్సీ జెనెటిక్స్ చదువుతున్నాను. మధ్యధరా తీరపు జనాల మీద సెమినార్ ఇవ్వాలి, ఒకచోట ఆగిపోయాను.

హెచ్‌ఎల్‌ఏ జన్యువులు (మన కణాలేవో, పరాయివేవో గుర్తుపట్టడంలో ఒంటికి తోడ్పడేవి) ఆరో క్రోమోజోమ్ మీద దగ్గరదగ్గరగా ఉండి, చాలావరకు గుంపుగానే పిల్లలకు అందుతాయి. అందుకే మొరాకో, అల్జీరియాల్లోని స్థానిక జనమైన బెర్బర్లకూ స్పెయిన్ వాళ్లకూ ఉన్న దగ్గరితనాన్ని వీటితో లెక్కగట్టారు. ఏ30-బీ18-డీఆర్3 అనే వరస (ఇలా గుంపుగా అందే జన్యు రకాల కలయికను హాప్లోటైప్ అంటారు) సార్డీనియాలో బాగా ఎక్కువ, స్పెయిన్‌లోనూ కనిపిస్తుంది. చూడగానే పాత చుట్టరికమే అనిపిస్తుంది.

కానీ ఇవి రోగనిరోధక జన్యువులు కదా! అంటురోగాల ఒత్తిడికి అరుదైన రకాలు కూడా వేల ఏళ్లు నిలిచిపోతాయి, అంటే దగ్గరి చుట్టరికం లేకపోయినా ఒకే రకం రెండుచోట్లా కనిపించొచ్చు. డీఆర్‌బీ1 అనే ఒక్క జన్యువు ఆధారంగా గ్రీకులు సహారా దిగువ ఆఫ్రికన్లకు దగ్గరన్న స్పానిష్ బృందాన్ని 2002లో జన్యు శాస్త్రవేత్తలు కవాలీ-స్ఫోర్జా, పియాజ్జా, రిష్ నేచర్ పత్రికలో గట్టిగా తప్పుబట్టారు. వాళ్లదే సబబని నా అభిప్రాయం. మొరాకోలోని టఫోరాల్ట్ గుహలో దొరికిన సుమారు 15,000 ఏళ్లనాటి ఎముకల డీఎన్‌ఏను 2018లో జీనోమ్ (మొత్తం డీఎన్‌ఏ) స్థాయిలో చదివితే, పశ్చిమాసియాలోని ప్రాచీన వేటగాళ్లైన నటూఫియన్లతో దగ్గరితనం, సహారా దిగువ ఆఫ్రికా పాలు రెండూ బయటపడ్డాయి. ఇంత వివరం ఒక్క జన్యువుతో రాదు.

ఒక్క జన్యువు బదులు మొత్తం హాప్లోటైప్ తీసుకుంటే ఈ ఇబ్బంది ఎంతవరకు తగ్గుతుంది? ఉత్తర ఆఫ్రికాలో అవే మనుషుల హెచ్‌ఎల్‌ఏనూ పూర్తి జీనోమ్‌నూ పక్కపక్కన పెట్టి పోల్చిన పేపర్ ఏదైనా మీకు తెలుసా? ఈ రంగంలో పనిచేసినవాళ్లు దయచేసి కాస్త వివరంగా చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.