నాన్న రిపోర్టులో ‘ఎంఎల్‌హెచ్1 లాస్’ అని వచ్చింది, తెలిసినవాళ్లు చెప్పండి

నమస్కారమండీ. మాది నెల్లూరు. నాన్నకు 58 ఏళ్లు. పెద్దపేగు క్యాన్సర్‌కి పోయిన నెల చెన్నైలో ఆపరేషన్ అయింది. కుడివైపు గడ్డ, స్టేజ్ 2, లింఫ్ గ్రంథులకు పాకలేదు.

ఐహెచ్‌సీ (గడ్డ ముక్కలో ఏ ప్రోటీన్లు ఉన్నాయో చూసే పరీక్ష) రిపోర్టులో ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 ఎదురుగా ‘రిటెయిన్డ్’ (ఉన్నాయి) అని, ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 ఎదురుగా ‘లాస్’ (కనబడలేదు) అని ఉంది. ఆ ‘లాస్’ చూసి అమ్మకి అన్నం సహించడం లేదు. డాక్టరుగారేమో ఇవి డీఎన్ఏలో తప్పులు సరిదిద్దే ప్రోటీన్లు, స్టేజ్ 2లో ఇవి కనబడకపోతే క్యాన్సర్ తిరగబెట్టే అవకాశం తక్కువే, కీమో అక్కర్లేదు అన్నారు. ఆపరేషన్‌కి ముందు 11 ఉన్న సీఈఏ (రక్తంలో చూసే క్యాన్సర్ సూచిక) ఇప్పుడు 2.6కి దిగింది. మా మావయ్య మాత్రం “కీమో లేకుండా ఎలా వదిలేస్తార్రా” అని ఒకటే పోరు. ఫైవ్ ఎఫ్‌యూ అనే కీమో మందు ఒక్కటే ఇస్తే ఇలాంటి గడ్డలకి లాభం ఉండదని చదివాను, కాబట్టి నాకు డాక్టరుగారి మాటే సబబనిపిస్తోంది.

నా బెంగ వేరే. మా మేనత్త గర్భసంచి క్యాన్సర్‌తో పోయింది. ఇది లించ్ సిండ్రోమ్ (పేగు, గర్భసంచి క్యాన్సర్ల ముప్పు వంశపారంపర్యంగా వచ్చే జన్యులోపం) అయితే నాకూ చెల్లికీ ఆ లోపం వచ్చే అవకాశం చెరి సగం ఉన్నట్టే కదా! గడ్డలో బ్రాఫ్ అనే జన్యువులో వీ600ఈ అనే మార్పు ఉంటే వంశపారంపర్యం కాకపోవచ్చట, లేకపోతే ఇంకా పరీక్షలు కావాలట.

చెన్నైలో ఈ దారిలో వెళ్లినవాళ్లున్నారా? బ్రాఫ్ పరీక్షకి ఆస్పత్రి నుంచి పారాఫిన్ బ్లాక్ (మైనంలో భద్రపరిచిన గడ్డ ముక్క) మనమే అడిగి తీసుకోవాలా? మేనత్త సంగతి చూసి నేరుగా నాన్న జన్యు రక్తపరీక్షకే వెళ్లడం మంచిదా? తెలుగులో ఓపిగ్గా వివరించే జెనెటిక్ కౌన్సెలర్ ఎక్కడైనా ఉంటే దయచేసి చెప్పండి, నాన్నకి తమిళం అంతంతమాత్రం.